నీళ్ళ కుండ, హాజరు పుస్తకం

శ్రమకు విలువ కట్టడం మాకు తెలుసునని చాలాకాలం అనుకున్నాము. గుంటూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల, ఒక సిమెంటు రేకుల షెడ్డులో, భార్యాభర్తలమైన మేము బడిపిల్లల యూనిఫాములు కుట్టించే చిన్న కేంద్రం నడుపుతున్నాము. పన్నెండు కుట్టు మిషన్లు, ఒక కటింగు మాస్టరు, కాజాలూ గుండీలూ కుట్టే ఒక పెద్దావిడ. ఆమెను మతభేదం లేకుండా అందరూ ‘ఖాలా’ అనే పిలుస్తారు. మిషన్ల మీద కూర్చునేవారందరూ స్త్రీలే. కొందరు వితంతువులు, కొందరు భర్త సంపాదన చాలక వచ్చినవారు. ఇంతమందికి ఉపాధి కల్పించామన్న తృప్తి మాకు ఉండేది. ఆ తృప్తిలో ఎంత నిజమున్నదో ఒక మే నెల మాకు చూపించింది.

బడులు తెరిచేది జూన్‌లో. కనుక మా వృత్తిలో అత్యధికమైన పని ఎండలు మండే రోజులలోనే వచ్చి పడుతుంది. ఆ ఏడు ఉదయం తొమ్మిది మొదలు రాత్రి ఏడు దాకా పని పెట్టాము. భోజనానికి అరగంట. అది చాలదన్నట్లు హాజరు పుస్తకంలో మరొక గడి గీశాము: ఎవరు ఎన్నిసార్లు మిషను వదిలి లేచారు, ఎంతసేపటికి తిరిగి వచ్చారు అన్నది అందులో వ్రాసేవాళ్ళము. అయినా అనుకున్న లెక్క ఏనాడూ పూర్తి కాలేదు. పైగా ఒక పాఠశాల వారు కాలర్లు వంకరగా ఉన్నాయని రెండు మూటల చొక్కాలు తిప్పి పంపారు. “వీళ్ళకు పని మీద శ్రద్ధ లేదు” అని తీర్పు చెప్పుకున్నాము.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, జుహర్ నమాజు ముగించుకొని వచ్చేసరికి, ఇద్దరు పిల్లల తల్లి అయిన ఒక అమ్మాయి మిషను మీదనే ఒరిగిపోయి ఉన్నది. వీధి చివరి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. ఒంట్లో నీరు చాలా తగ్గిపోయిందనీ, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా ఉన్నదనీ ఆయన చెప్పారు. సెలైను ఎక్కుతుండగా ఆ అమ్మాయి మమ్మల్ని అడిగిన మొదటి మాట: “అక్కా, ఈ పూట కూలి పోయినట్టేనా?”

సమాధానం చెప్పలేక తిరిగి వచ్చాము. ఆ సాయంత్రం హాజరు పుస్తకం తెరిచి, అలవాటు చొప్పున ఆమె పేరు ఎదుట ‘సగం రోజు’ అని వ్రాయబోయాము. కలం ముందుకు సాగలేదు. గుండీలు డబ్బాలో సర్దుతున్న ఖాలాను, షెడ్డులో కుండ నిండా నీళ్ళుండగా ఇలా ఎందుకైందని అడిగాము.

“బేటీ, వీళ్ళు పొద్దున ఇంట్లో తాగి వచ్చిన నీళ్ళే. ఇక్కడ తాగితే లేవాలి. లేస్తే మీ పుస్తకంలోకి ఎక్కుతుంది. పైగా ఆ మరుగుదొడ్డికి గడియ లేదు, పక్క దుకాణాల మగవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. అందుకని తాగరు.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేమి ఖాలా?”

“మీరు అడగలేదు కదమ్మా.”

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లు ఉండాలనీ, త్రాగునీరు అందుబాటులో ఉండాలనీ, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించరాదనీ 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. మాది చిన్న చోటు, చట్టం మా దాకా రాదని సరిపెట్టుకున్నాము. అయితే, మన చేతి క్రింద పనిచేసేవారు మన సోదరులేననీ, వారి శక్తికి మించిన భారం మోపరాదనీ, మోపవలసి వస్తే మనమూ చేయి వేయాలనీ దైవప్రవక్త (సఅసం) చేసిన బోధ మా దాకా రాలేదని ఎలా అనగలము? దానిని మా పిల్లలకు మేమే నేర్పాము.

మరునాడు ఆమెకు పూర్తి కూలి పంపాము. హాజరు పుస్తకంలో ఆ గడి కొట్టివేశాము. షెడ్డు వెనుక గడియ ఉన్న, నీటి వసతి ఉన్న మరుగుదొడ్డి కట్టించాము. రేకులపై సున్నం కొట్టించి, క్రింద వెదురు తడకలు కట్టించాము. వేసవిలో పని ఉదయం ఏడింటికి మొదలై, నడుమ విరామాలతో, మధ్యాహ్నం రెండింటికల్లా ముగిసేటట్లు మార్చాము. పీసు రేటు ఉంచుతూనే, ఏ రోజైనా ఇంతకు తగ్గదని కనీస కూలి నిర్ణయించాము. ఇందుకోసం, ఇంట్లో పెద్దబ్బాయికి బండి కొందామని దాచిన సొమ్ము ఖర్చయింది.

ఫలితం వెంటనే రాలేదు. మొదటి రెండు వారాలు చొక్కాల సంఖ్య తగ్గింది. గడువు దగ్గర పడుతుంటే, పొరపాటు చేశామేమోనని ఒకరితో ఒకరం అనుకున్నాము కూడా. మూడవ వారం నుండి మార్పు కనిపించింది. తిప్పికొట్టే చొక్కాలు బాగా తగ్గాయి. వంకర పోయిన కాలరును విప్పి మళ్ళీ కుట్టడానికి, తొలిసారి కుట్టడానికంటే ఎక్కువ సేపు పడుతుంది. అంతవరకు మేము కుట్టిన చొక్కాలనే లెక్కించాము. విప్పిన కుట్లను లెక్కించలేదు. సాయంత్రపు అలసటలో జరిగిన తప్పులు మరునాటి ఉదయాన్ని మింగుతున్నాయన్నది అప్పుడు బోధపడింది. నెల ముగిసేసరికి తక్కువ గంటలలోనే మునుపటి లెక్క అందింది. మానివేసిన ఇద్దరు తిరిగి వచ్చారు.

ఇది మా షెడ్డుకే పరిమితమైన వింత కాదు. జర్మనీలోని యేనా నగరంలో, జైస్ కర్మాగారాన్ని నడిపిన ఎర్నెస్ట్ అబ్బే 1900లో తొమ్మిది గంటల పనిదినాన్ని ఎనిమిది గంటలకు తగ్గించి, ఉత్పత్తి తగ్గకపోగా కొంత పెరిగిందని లెక్కలతో చూపాడు. మనకు పొరుగునే ఉన్న బెంగుళూరు వస్త్ర కర్మాగారాలలో, వేడి తక్కువ పుట్టించే ఎల్‌ఇడి దీపాలు అమర్చగా ఎండ ఎక్కువైన రోజులలో పని మెరుగుపడిందని ఆర్థికవేత్తలు గుర్తించారు.

కాని ఒక ప్రశ్న మమ్మల్ని విడిచిపెట్టదు. ఉత్పత్తి పెరగకపోయి ఉంటే, ఆ గడియా ఆ విరామమూ ఉంచేవాళ్ళమా? ఆ రెండు వారాలలో మా మనసు ఊగిసలాడిన మాట నిజం. లాభం వస్తుందని ఇచ్చేది పెట్టుబడి. అది తప్పు కాదు. కాని దాహం వేసినవారు నీళ్ళు త్రాగడం మన లాభనష్టాలపై ఆధారపడరాదు. అది వారి హక్కు. ప్రళయదినాన చూపవలసిన లెక్కలో మొదట వచ్చేది అదేనని మా భయం.

మీలో దుకాణం గలవారుంటారు, ఇంట పనిమనిషిని పెట్టుకున్నవారుంటారు. పని సరిగా జరగడం లేదని నొచ్చుకునే ముందు ఒక్కమాట అడిగి చూడండి: తిన్నారా, ఎక్కడ కూర్చుంటున్నారు, మరుగుదొడ్డికి ఎక్కడికి వెళ్తున్నారు? మేము మూడేళ్ళు అడగలేదు.

ఇప్పుడు వేసవిలో మా షెడ్డులోని నీళ్ళ కుండను రోజుకు రెండుసార్లు నింపవలసి వస్తున్నది. రెండవసారి నింపే పని మాది.