పెంపుడుపిల్లి స్వభావము

పిల్లి దొంగ యనియు, విశ్వాసము లేనిదనియు మన యిండ్లలో నొక యపవాదు కలదు. మూడూళ్ళలోని మా బంధువుల యిండ్ల పిల్లులను చూచి మేము తెలిసికొన్న దేమనగా, దాని దోషములని మనము లెక్కించు వానిలో పెక్కు దాని స్వభావధర్మములే.

మేము హిందూపురమున నుందుము. చింతపండు, బెల్లము బేరములకు పేరుపడిన యూరగుటచే నెలుకలకు కొదువ లేదు. పిల్లి పగలు చాలవరకు నిద్రించి, సందెవేళను తెల్లవారుజామునను తిరుగును. అది సోమరితనము కాదు, వేటకు వేళ యదియే. కడుపు నిండినను వేట మానదు. కావున నెలుకను తెచ్చి గడపలో వేసినచో మేము కసరుకొనము. ఎత్తి పారవేసి కడుగుదుము, అంతియే. దానికి పెరుగన్నము మాత్రమే పెట్టి పెంచుటయు తగదు. అది మాంసాహారి. మాంసమునందుండు టారిన్ అను పదార్థము లోపించినచో దాని కన్నులును గుండెయు చెడును.

పెనుకొండలో మా అక్కగారి యింట చుట్టములు రాగానే పిల్లి యటక నెక్కును. పిల్లలు లాగబోగా అక్క వారించి, “భయము తీరిన పిదప తానే దిగును, నాయనా!” యనును. అట్లే దిగును. చెవులు వెనుకకు వంచి తోక విసరుచున్నచో ముట్టవలదని యర్థము.

ధర్మవరమున మా పిన్నిగారిది నేతయిల్లు. పిల్లిగోరు పట్టుపడుగునకు తగిలెనా, చీర చెడును, కూలిలో కోత పడును. “గోనెసంచిలో కట్టి యూరవతల విడువు”మని యిరుగుపొరుగువారు చెప్పిరి. పిన్ని యొప్పుకొనలేదు. పిల్లి పండుకొను తావున గోనెపట్ట చుట్టిన కొయ్యను గట్టిగా పాతించి, పని లేనప్పుడు మగ్గపుగది తలుపు మూయుట యలవాటు చేసెను. గోళ్ళ పైపొర రాలుటకును, తన వాసనను నిలుపుటకును పిల్లి గీరును గాని పగచేత కాదు. కొయ్య దొరకిన పిదప నది పడుగు జోలికి పోలేదు.

పడుగు చెడుటకంటె భయంకరమైనది తెగిన పట్టుపోగు. కదలుచున్న పోగును చూచిన పిల్లి వేటయని పట్టును. మ్రింగినచో ప్రేగులు ముడుతలుపడి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. నోటనుండి గాని వెనుకనుండి గాని పోగు వ్రేలాడుచున్నచో లాగరాదు; వెంటనే పశువైద్యునికి చూపవలెను. అందుచేతనే పిన్ని ప్రతిదినము మగ్గము దిగగానే నేల యూడ్చి, తునకలన్నియు డబ్బాలో వేసి మూతపెట్టును. ఆటకు పిల్లికొక కాగితపుటుండ నిచ్చును.

పిల్లి స్వభావమును మార్చుట మనవలన కాదు. ఒక కొయ్య, ఒక యటక, మూతగల డబ్బా యొకటి సమకూర్చుట ఏ గృహిణికిని కష్టము కాదు.