కారు లేని ఇంటి జమాఖర్చు

కారు ఖర్చు ఎప్పుడూ ఒకే పద్దు కింద కనిపించదు. వాయిదా బ్యాంకు ఖాతాలోంచి దానంతటదే పోతుంది. పెట్రోలు డబ్బు బంకులో ఐదువందలు, వెయ్యి చొప్పున కరుగుతుంది. బీమా ఏడాదికోసారి, టైర్లు, బ్యాటరీ కొన్నేళ్లకోసారి మీద పడతాయి. కారుకు నెలకు ఎంతవుతోందని అడిగితే చాలా ఇళ్లలో వాయిదా మొత్తం చెబుతారు, లేదా పెట్రోలు మొత్తం చెబుతారు. అన్నీ కూడి చెప్పేవారు అరుదు. కారు మానుకుని ఇంటిల్లిపాదీ సైకిళ్ల మీద తిరిగితే మిగిలేది ఎంతో తేలాలంటే ముందు ఈ చెల్లాచెదురు ఖర్చులను ఒకచోట చేర్చాలి.

ఒక మామూలు చిన్న కారు షోరూం ధర 7.5 లక్షలు అనుకుంటే, 5 లక్షలు దాటి 10 లక్షల లోపున్న కారుకు తెలంగాణలో జీవిత పన్ను 14 శాతం, అంటే 1,05,000. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలన్న నిబంధన 2018 సెప్టెంబరు నుంచి ఉంది. ఆ బీమా, రిజిస్ట్రేషను, చిల్లర మల్లర కలిపి మరో 45,000. అలా 9 లక్షలకు కారు రోడ్డెక్కుతుంది. చేతి డబ్బు 2.6 లక్షలు పెట్టి, మిగతా 6.4 లక్షలను 9 శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పుగా తీసుకుంటే నెల వాయిదా సుమారు 10,300. ఏడేళ్లలో తిరిగి కట్టేది 8.65 లక్షలు, అందులో 2.25 లక్షలు వడ్డీ. ఆ తర్వాత కారు 2.5 లక్షలకు అమ్ముడైందనుకున్నా, దాన్ని దగ్గర ఉంచుకున్నందుకే నెలకు 10,400 పడినట్టు. నెలకు 600 కిలోమీటర్లు తిరిగితే, నగరపు రద్దీలో లీటరుకు 15 కిలోమీటర్ల చొప్పున 40 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన 4,280. తర్వాతి ఏళ్ల బీమాకు సగటున నెలకు 1,250, సర్వీసింగు, టైర్లు, బ్యాటరీలకు 1,500, పార్కింగు, కడిగించడం, టోలు కలిపి 1,000. మొత్తం నెలకు 18,400 పైచిలుకు.

ఇందులో పెట్రోలు వాటా నాలుగో వంతు కూడా లేదు. కారు షెడ్డులోంచి కదలకపోయినా పదకొండున్నర వేలకు పైగా ఖర్చు నడుస్తూనే ఉంటుంది. బీమా కంపెనీలు కారు విలువ కట్టే పట్టిక చూస్తే దీనికి కారణం తెలుస్తుంది: ఆరు నెలలు దాటి ఏడాది నిండేలోపు 15 శాతం, మూడో ఏడాదిలో 30 శాతం, ఐదో ఏడాదిలో 50 శాతం తరుగు కింద తీసేస్తారు. అందువల్ల "కారు కొని తక్కువగా వాడుకుంటాం" అనే మధ్యేమార్గం డబ్బు విషయంలో దాదాపు ఏమీ మిగల్చదు.

వ్యాసకర్త కుటుంబం 2019లో కారుకు అడ్వాన్సు కట్టే ముందు రాత్రి ఇలాంటి లెక్కే ఒక నోటుపుస్తకం వెనక పేజీలో వేసింది. (ఇక్కడి అంకెలు ఇప్పటి ధరలకు సవరించినవి.) అప్పుడు ఇల్లు ఘట్‌కేసర్ వైపు, తక్కువ అద్దెకు. తండ్రి ఆఫీసు హబ్సిగూడలో, తల్లి పాఠాలు చెప్పే కాలేజీ విద్యానగర్‌లో. రోజూ ఇరవై కిలోమీటర్లకు అటూఇటూగా వెళ్లిరావాలి. కారు అవసరం ఆ దూరంలోంచే పుట్టింది. తార్నాకలో అంతే వైశాల్యమున్న ఇంటికి అద్దె నాలుగు వేలు ఎక్కువ. ఎక్కువ అద్దె వృథా అన్నది అప్పటిదాకా ఆ ఇంట్లో ప్రశ్నించని నమ్మకం. ఆ నాలుగు వేలను వాయిదా పక్కన రాసి చూసేసరికి, ఊరవతల అద్దె చవక అన్నమాట నిలబడలేదు. దూరపు ఇంటి అసలు అద్దెలో కారు కూడా ఉంది. అడ్వాన్సు కట్టలేదు, రెండు నెలల్లో ఇల్లు మారారు.

ఇల్లు వెతకడానికి పెట్టుకున్న పద్ధతి సులువైనది. పటం మీద బడి, రెండు ఉద్యోగాలు, కూరగాయల మార్కెట్, డాక్టరు ఉన్న చోట్లు గుర్తుపెట్టి, అన్నీ మూడు నాలుగు కిలోమీటర్లలో పడే పేటలను మాత్రమే తిరిగి చూశారు. ఉస్మానియా యూనివర్సిటీ ప్రాంగణం మధ్యలో ఉండడం కలిసొచ్చింది. తార్నాక నుంచి విద్యానగర్ వైపు ఆ చెట్ల నీడన వెళ్తే ప్రధాన రహదారి మీద గడిపే సమయం చాలా తగ్గుతుంది. తార్నాకలో మెట్రో స్టేషను ఉంది, సికింద్రాబాద్ రైల్వే స్టేషను దగ్గర. కారు లేని బతుకు సాధ్యమా కాదా అన్నది ముప్పాతిక వంతు ఇంటి చిరునామాతోనే తేలిపోతుంది. సైకిలు తొక్కే ఓపిక, పర్యావరణం మీద ప్రేమ ఆ తర్వాతి సంగతులు.

సైకిళ్లకు పెట్టిన పెట్టుబడి 38,000: తండ్రికి క్యారియర్ ఉన్న దృఢమైన సైకిలు, తల్లికి ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిలు, పిల్లలకు చెరొకటి. హెల్మెట్లు, ముందువెనక లైట్లు, తాళాలు, పంపు కలిపి మరో 6,000. పిల్లల సైకిళ్లు రెండు మూడేళ్లకే పొట్టివైపోతాయి. 16 అంగుళాల చక్రం నుంచి 20కి, 20 నుంచి 24కి మారక తప్పదు. అక్క తొక్కిన 20 అంగుళాల సైకిలే బేరింగులు మార్పించి, రంగు వేయించి తమ్ముడికి ఇచ్చారు. చిన్నపిల్లల సైకిలుకు గేర్లు, ముందు షాకులు, డిస్కు బ్రేకులు డబ్బు దండగ: బరువు పెరుగుతుంది, రిపేర్లు పెరుగుతాయి, ఎక్కుడులో పిల్ల ఆయాసపడుతుంది. తేలికైన ఫ్రేము, చేతికందే బ్రేకు, కాలు నేలకానే సీటు ఉంటే చాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర 9,500 ఉన్న సైకిలు మీద ఇది సుమారు 600 రూపాయల తగ్గుదల. అదే రోజు చిన్న కార్ల పన్ను 28 నుంచి 18కి దిగింది. దానివల్ల కొనుగోలు ధర తగ్గిన మాట నిజమే గానీ పెట్రోలు, సర్వీసింగు, పార్కింగు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నాలుగు సైకిళ్ల బాగోగులకు ఏడాదికి ఏడు వేలవుతోంది. వానాకాలం అయ్యాక ఓవరాయిలింగు, ఏడాదికోసారి బ్రేకు రబ్బర్లు, ఎప్పుడైనా టైరో ట్యూబో, అరిగిన చైనో. పంక్చర్లు ఇంట్లోనే వేసుకోవడం నేర్చుకున్నాక ఖర్చు కన్నా ముఖ్యంగా కాలం కలిసొచ్చింది. ట్యూబు బయటికి లాగి నీళ్ల బకెట్లో ముంచడం, బుడగలొచ్చే చోట గుర్తు పెట్టడం, తుడిచి గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషను రాసి తడి ఆరేదాకా ఆగి ప్యాచీ అంటించడం. ఆ ఆగడం దగ్గరే కొత్తవాళ్లు తొందరపడతారు, సాయంత్రానికి గాలి మళ్లీ దిగిపోతుంది. పన్నెండేళ్ల అమ్మాయి ఇప్పుడు ఈ పని ఇరవై నిమిషాల్లో ముగిస్తుంది.

సైకిళ్లతో తీరని ప్రయాణాలకు మరో పద్దు ఉంది. వానరోజులు, రాత్రి తిరుగుళ్లు, పెద్దవాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లడం, పెళ్లిళ్లు, వీటికి ఆటోలూ క్యాబులూ కలిపి సగటున నెలకు 2,200. బస్సు, మెట్రోలకు 650. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తల్లీ కూతుళ్లకు టికెట్టు డబ్బు లేదు. ఈ పద్దు సగానికి దిగింది అప్పుడే. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి ఏర్పాటు స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న వచ్చింది. ఖమ్మం జిల్లాలోని సొంతూరికి రైల్లో వెళ్లి, అక్కడ అవసరమైతే కారు మాట్లాడుకుంటారు. ఏడాదికి 12,000, అంటే నెలకు 1,000. ఐదేళ్ల మీద పరిచి చూస్తే సైకిళ్లూ సామానూ నెలకు 730, బాగోగులు 580. వీటికి నాలుగు వేల అదనపు అద్దె, 250 రూపాయల ప్రమాద బీమా కలిపితే 9,400.

కాబట్టి నిజమైన మిగులు పద్దెనిమిది వేలు కాదు, తొమ్మిది వేలు. అద్దెను, ఆటోలను లెక్కలోంచి తప్పించి కారు లేకపోతే వాయిదా మొత్తమంతా మిగులుతుందని చెప్పేవాళ్లు తమను తామే మోసగించుకుంటున్నారు.

ఆ తొమ్మిది వేలైనా దానంతటది మిగలదు. మొదటి ఏడాది ఈ ఇంట్లో జరిగింది అదే. ఏడాది చివర ఖాతా చూస్తే లక్ష ఉండవలసిన చోట పదకొండు వేలున్నాయి. పెద్ద దుబారా ఏదీ కనపడలేదు. బయటి తిళ్లు కాస్త పెరిగాయి, ఫోను మారింది, పండక్కి బట్టలు ఇంకో జత వచ్చాయి. కారు వాయిదా నెల మొదట్లోనే అడగకుండా డబ్బు లాక్కుంటుంది, పొదుపుకు ఆ బలం లేదు. 2021 జనవరి నుంచి ప్రతినెలా 3వ తేదీన, వాయిదా పోవలసిన రోజునే, అమ్మాయి పేర సుకన్య సమృద్ధి ఖాతాకు ఐదు వేలు, పీపీఎఫ్‌కు నాలుగు వేలు వెళ్లేలా బ్యాంకుకు చెప్పిపెట్టారు. 3వ తేదీకి ఇంకో కారణమూ ఉంది: ఈ రెండు ఖాతాల్లోనూ 5వ తేదీ నుంచి నెలాఖరు దాకా ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ కడతారు. 5 దాటాక వేసిన సొమ్ముకు ఆ నెల వడ్డీ పోయినట్టే.

సుకన్య ఖాతా ఆడపిల్లకు పదేళ్లు నిండేలోపే తెరవాలి. 15 ఏళ్లు కట్టాలి, గడువు 21 ఏళ్లు. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతానికి చేరింది. పీపీఎఫ్‌కు 2020 ఏప్రిల్‌లో నిర్ణయించిన రేటు 7.1. మూడు నెలలకోసారి ప్రభుత్వం ఈ రేట్లు ప్రకటిస్తుంది గనుక ముందుచూపు లెక్క అంచనాయే. మొత్తం తొమ్మిది వేలూ 7.1 శాతానికే పెరుగుతాయనుకుంటే పదిహేనేళ్లలో కట్టేది 16.2 లక్షలు, పోగయ్యేది దాదాపు 28.4 లక్షలు. అదే పదిహేనేళ్లలో ఇలాంటి కార్లు రెండు కొని పాతబెట్టవచ్చు.

సైకిలు ఇంట్లో నిర్లక్ష్యానికి గురయ్యే పద్దు బీమా. కారు యజమానికి పాలసీతో పాటు 15 లక్షల వ్యక్తిగత ప్రమాద రక్షణ వస్తుంది. సైకిలు తొక్కేవారికి అలాంటిదేదీ దానంతటది రాదు. మోటారు వాహనం గుద్దితే ఆ వాహనపు థర్డ్ పార్టీ బీమా నుంచి ట్రిబ్యునల్ ద్వారా పరిహారం కోరవచ్చు. గుద్దిన బండి దొరక్కపోతే 2022 ఏప్రిల్ నుంచి అమలైన పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 మాత్రమే. ఏడాదికి 20 రూపాయలతో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన 2 లక్షల రక్షణ ఇస్తుంది. అది తీసుకోవాలి, దానితో సరిపెట్టుకోకూడదు. తల్లిదండ్రులిద్దరికీ విడిగా ప్రమాద బీమా, ఇంటికంతా ఆరోగ్య బీమా లేకుండా పిల్లలతో ఈ నగరంలో సైకిలెక్కడం సరైన పొదుపు కాదు.

నలుగురూ కలిసి వెళ్లేటప్పుడు తల్లి ముందు, పిల్లలు మధ్య, తండ్రి అందరికన్నా వెనక, రోడ్డు లోపలి వైపుకి అర అడుగు జరిగి. "గుంత", "ఆగు", "బండి" అన్న మూడు మాటలు ముందు నుంచి వెనక్కి అందుతాయి. చీకటి పడ్డాక పిల్లల సైకిళ్లు బయటికి తియ్యరు. పెద్ద కూడళ్లలో దిగి నడిపించుకుంటూ దాటతారు. ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో తెరిచారు. చూడచక్కని దారి. కానీ తార్నాక, ఉప్పల్, మల్కాజిగిరి పిల్లలు బడికెళ్లడానికి కావలసింది వాళ్ల వీధి చివర నుంచి బడి గేటు దాకా రెండు కిలోమీటర్ల భద్రమైన అంచు. దానికయ్యే ఖర్చు పెద్దది కాదు. అది లేకపోవడం వల్లే ఎన్నో ఇళ్లు, లెక్క తెలిసి కూడా, కారు కొంటున్నాయి. వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

ఇంటిమీద పడే మరో బరువు మాటల రూపంలో వస్తుంది. ఒకప్పుడు పెళ్లికొడుక్కి కట్నంలో సైకిలు పెట్టడం గొప్ప. ఇప్పుడు ఉద్యోగస్థుడు సైకిలు మీద ఫంక్షన్ హాలుకు వస్తే నామోషీ. "ఇద్దరి జీతాలు ఏం చేసుకుంటారు?" అన్న ప్రశ్న బంధువుల నుంచి ఆరేళ్లుగా వస్తూనే ఉంది. ఈ ఒత్తిడికి లొంగి కారు తీసుకునేవారికి అది నెలకు తొమ్మిది వేల ఖరీదు చేసే గౌరవం అని తెలిసి ఉండాలి.

ఈ పద్ధతి అందరికీ కుదరదు. ఒకరి ఉద్యోగం హైటెక్ సిటీలో, మరొకరిది ఉప్పల్‌లో ఉన్న ఇంటికి ఏ పేటా మధ్యలో పడదు. నైట్ షిఫ్టులు, నడవలేని పెద్దలు, వైకల్యమున్న పిల్లలు ఉన్నచోట కారు అవసరమే. అందుకే ఈ ఇంట్లో నిర్ణయాన్ని శాశ్వతం చేసుకోలేదు. ఏటా ఏప్రిల్‌లో పద్దులు మళ్లీ కూడుతారు. ఆటో, క్యాబు ఖర్చు ఇప్పటి 2,200 నుంచి 11,200కు పెరిగి అక్కడే నిలిస్తే కారు ఉన్నా లేకున్నా ఒకటే. అది దాటితే కారే చవక. ఇప్పటిదాకా ఆ పద్దు అన్నిటికన్నా ఎక్కువైంది తాతగారికి కంటి ఆపరేషను జరిగిన నెలలో, 6,400.