బ్రేకు రాయిలా బిగుసుకుపోయిన రోజు

ఈసారి పంట సంగతి కాదు, బండి సంగతి.

పోయిన నెల ముప్పై టిక్కీల మిర్చి పికప్‌లో వేసుకుని గుంటూరు యార్డుకు బయల్దేరా. నరసరావుపేట దగ్గర గేదెలు అడ్డమొచ్చాయి. బ్రేకు తొక్కితే పెడల్ రాయిలా ఉంది, దిగట్లేదు. బలమంతా పెట్టి తొక్కి, గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగితే చివరి గేదెకు బారెడు దూరంలో ఆగింది. పక్కన మా అబ్బాయి. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

దగ్గర్లో మెకానిక్ చూసి "బూస్టర్ పోయింది, మార్చాలి" అన్నాడు. లోడు మీద ఉన్నాం కదా, సరే అనబోయా. అక్కడ టీ తాగుతున్న పెద్దాయన, పాత లారీ డ్రైవరట, "ఉండవయ్యా, ముందు వాక్యూమ్ వస్తందో లేదో చూడు" అన్నాడు.

బూస్టర్లో గాలి లాగేసి ఉంటేనే మన కాలికి సాయం. పెట్రోలు ఇంజను ఆ గాలి తనే లాగుతుంది. డీజిల్ బండికి విడిగా పంపు ఉంటుంది, మా బండికి డైనమో వెనకాల ఉంది. వాక్యూమ్ లేకపోతే బ్రేకు పూర్తిగా పోదు గానీ, భారమంతా కాలి మీదే.

ఆయన చూపించిన పద్ధతి ఇది. ఇంజను ఆపి పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కాలి. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగాలి. మాది దిగలేదు. బూస్టర్ దగ్గర పైపు ఊడదీసి, ఇంజను ఆన్‌లో ఉండగా బొటనవేలు పెడితే లాగట్లేదు. పంపు దగ్గర పెడితే గట్టిగా లాగింది. అంటే పంపు బాగానే ఉంది, జబ్బు మధ్యలో పైపుదే. తడిమి చూస్తే క్లిప్పు కింద ఎలుక కొరికిన బొక్క! బండి పెట్టేది గడ్డివాము పక్కనే మరి. పైపు మార్చాం, రెండొందలతో పోయింది. పైపు చివర కూడా బాగా లాగుతుంటేనే బూస్టర్నో దాని వాల్వునో అనుమానించాలి.

ఇంకో మాట. డీజిల్ కలిసొస్తుందని దిగుడులో ఇంజను ఆపి బండి వదిలే అలవాటు నాకూ ఉండేది. ఇంజను ఆగితే పంపూ ఆగుద్ది. మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే సరి. ఆ రోజుతో మానేశా.

ఇప్పుడు లోడు ఎత్తే ముందు మా అబ్బాయే ఎక్కి పెడల్ తొక్కి చూస్తాడు. "దిగింది నాన్నా" అంటేనే బయల్దేరతాం. మీరూ రేపు పొద్దున ఒకసారి చూసుకోండి, రెండు నిమిషాల పని.