ఎవరైనా గీయవచ్చు

ఊరికే ఇస్తామంటే మనవాళ్ళు అంత సులభంగా నమ్మరు. సంతలో వస్తువును నాలుగు పక్కలా తిప్పి చూసుకుని గాని చేతపట్టరు. ఆ జాగ్రత్త మంచిదే. కాని నేను లండనులో చదువుకునే రోజుల్లో ఒక్క పైసా ఖర్చు లేకుండా చూసివచ్చిన చిత్రకళా వేడుక ఒకటి నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తూ ఉన్నది. దాన్ని గురించి మన కుటుంబాలవారితో నాలుగు మాటలు చెప్పుకోవాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మాది కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని బైరకూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఈ పద్ధతి మన ప్రాంతంవారికి విడమరచి చెప్పనక్కరలేదు గదా! 2020లో కంప్యూటరు శాస్త్రంలో పై చదువుకని లండను వెళ్ళాను. పౌనుకు నూరు రూపాయల పైచిలుకు. ఒక కప్పు టీ తాగాలన్నా మనసులో నూరుతో హెచ్చవేసుకుని, గదికి పోయి కాచుకుందాములే అని వెనక్కు తిరిగే రోజులు. దానికి తోడు కోవిడు. సంవత్సరంలో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్య, కంప్యూటరు తెర మీద పాఠాలతోనే గడిచిపోయింది. 2021 జూలై 19న ఇంగ్లండులో ఆంక్షలు చాలావరకు ఎత్తివేశారు. ఆ నెలాఖరులోనే, టేట్ మాడరన్ అనే కళాభవనంలో ఎవరైనా వచ్చి బొమ్మలు గీసుకోవచ్చునని, రుసుము లేదని తెలిసి, ఒక ఆదివారం నడుచుకుంటూ బయలుదేరాను.

ఆ భవనం థేమ్సు నది ఒడ్డున ఉన్నది. ఒకప్పుడు అది విద్యుత్ కేంద్రం. 1981లో మూతపడితే, 2000లో దాన్ని కళాభవనంగా తెరిచారు. యంత్రాలు తిరిగిన పెద్ద హాలును ఇప్పటికీ టర్బైన్ హాలనే పిలుస్తారు. 1902లో శివనసముద్రం జలపాతం నుంచి 92 మైళ్ళ తీగల మీద కరెంటు మన బంగారు గనులకు వచ్చిన కథ వింటూ పెరిగినవాణ్ణి నేను. ఆ గనులను ఏళ్ళ తరబడి నడిపిన జాన్ టేలర్ కంపెనీ ఈ లండనుదే. 2001లో మన గనులు మూతపడిన తరవాత అక్కడి యంత్రశాలల బోసితనం చూసిన కళ్ళతో ఈ హాలును చూస్తే, మూతపడ్డ చోటును ఇలా కూడా వాడుకోవచ్చునా అనిపించింది.

లోపల గోడలకు పటాలు లేవు. అంత పెద్ద హాలులో నేలే పటం. చంటిపిల్లలు, వాళ్ళ తల్లులు, తెల్లజుట్టు దొరసానులు, చేతిసంచి పక్కన పెట్టుకున్న ఉద్యోగస్థులు అందరూ నేల మీద కూర్చుని, కొందరు బోర్లా పడుకుని, గీస్తున్నారు. రంగు కడ్డీలు అక్కడివారే ఇచ్చారు. ఒకరు గీసినదాని పక్కన మరొకరు, ఒక్కొక్కప్పుడు దాని మీదనే ఇంకొకరు. పులి తోక మీద రైలుబండి, రైలుబండి మీద ఎవరిదో పేరు. దిద్దేవారు లేరు, మార్కులు వేసేవారు లేరు, బహుమతులు లేవు.

ఈ ఏర్పాటు చేసినవాడు జపానులో పుట్టిన ఏ అరాకావా అనే కళాకారుడు. అయితే తలపు అంతకన్న పాతది. యుద్ధంలో జపాను ఓడిపోయిన పదకొండేళ్ళకు, 1956లో, ఆషియా అనే పట్టణపు ఉద్యానంలో గుటాయ్ అనే చిత్రకారుల బృందం ఆరుబయట ప్రదర్శన జరిపింది. ఆ బృందానికి పెద్ద యోషిహారా జిరో. ఆయన అక్కడ ఒక పెద్ద పలక నిలబెట్టి, రంగులు అందుబాటులో ఉంచి, వచ్చినవాళ్ళను గీయమన్నాడు. దానికి పెట్టిన పేరే 'దయచేసి స్వేచ్ఛగా గీయండి' అని. యుద్ధకాలమంతా ఎవరో చెప్పినట్టు నడుచుకున్న జనానికి ఆ మూడు మాటలు ఎట్లా వినిపించి ఉంటాయో ఊహించుకోవలసిందే.

పలక అనగానే నాకు మా అవ్వ జ్ఞాపకం వచ్చింది.

మా వీధిలో అవ్వ వేసినన్ని ముగ్గులు మరెవరికీ రావని పెద్దవాళ్ళు చెబుతారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున కళ్ళాపి చల్లి, చుక్కలు పెట్టి, చెయ్యి ఎత్తకుండా మెలిక తిప్పేదట. నేను చూడలేదు. నేను పుట్టకముందే మా తాత పోయినాడు. ఆ మరునాటి నుంచి అవ్వ వాకిట్లో ముగ్గు వేయలేదు. ఎవరూ వద్దని నోటితో అన్నట్టు లేదు. అనవలసిన అవసరం లేకనే ముగ్గుపిండి గిన్నె అమ్మ చేతికి మారిపోయింది. ఆ తరవాత నేను బడికి పోయే వయసు వచ్చి, నాకు పలకా బలపమూ కొన్నారు. సాయంత్రాలు అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, అక్షరాలు దిద్దించడం అయ్యాక, ఆ పలక మీద ముగ్గులు వేసేది. ఏడు చుక్కలు, అయిదు, మూడు. నా చేత వేయించేది. మళ్ళీ తడిగుడ్డతో తుడిచేసేది. వాకిలి పోయిన మనిషికి మనవడి పలక మిగిలింది.

ఆ వేళ హాలులో కాస్త చోటు చూసుకుని కూర్చుని, అవ్వ నేర్పిన ఏడు చుక్కల మెలిక ముగ్గు వేశాను. నా పక్కన ఒక పిల్ల కాసేపు చూసి, తానూ చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. చుక్కలను ఎట్లా చుట్టిరావాలో చేత్తో చూపించాను. తల్లి నవ్వి ధన్యవాదాలు చెప్పింది.

గదికి వచ్చి ఇంటికి ఫోను చేసి ఫోటో చూపించాను. అమ్మ ఫోను అవ్వకిచ్చింది. అవ్వ కళ్ళద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"జనం దాన్ని తొక్కరా నాయనా?"

"తొక్కుతారవ్వా."

"తొక్కనీలే. ముగ్గుండేదే తొక్కేదానికి. ఎవురు ఏయమనిరి నిన్ను?"

"ఎవరైనా గీయొచ్చని చెప్పినారవ్వా, అందర్నీ."

అవ్వ కొంచెం ఆగి, "ఎవురైనానా?" అన్నది. నేను అవునన్నాను. "మొగుడు లేనోళ్ళు గూడానా?" అని అడగలేదు. అడగనిది నాకు వినిపించింది.

చదువులో భాగంగా తరవాత ఒక విషయం తెలిసింది. 1970లలో మద్రాసు క్రిస్టియన్ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ గారలు, వారి సహచరులు, తమిళుల చుక్కల ముగ్గులను తీసుకుని, వాటి అల్లికకు గణిత వ్యాకరణం రాశారు. మాటలకు వ్యాకరణం ఉన్నట్టే మెలికలకూ నియమాలుంటాయని, కంప్యూటరు కూడా ఆ నియమాలతో ముగ్గు వేయగలదని వారు చూపించారు. వాకిట్లో స్త్రీలు వేసే గీతలు అట్లా శాస్త్ర పత్రాలకెక్కాయి. యంత్రానికి లేని అభ్యంతరం మా అవ్వకు మాత్రం ఉండిపోయింది.

చదువు ముగించుకుని ఇంటికి వచ్చిన ఏడాది ధనుర్మాసంలో నేనూ అమ్మా ఒక మాట అనుకుని, ముగ్గుపిండి గిన్నె అవ్వ ముందు పెట్టాము. అవ్వ వీధివైపు చూసింది. "పండగపూట ఎవురన్నా ఏమన్నా అంటే మీ అమ్మకు మాట వస్తాదిరా" అన్నది. గిన్నె తీసుకుని పెరట్లోకి పోయి, తులసి కోట ముందు వేసింది. చెయ్యి వణికింది గాని మెలిక తప్పలేదు. వీధిలోకి మాత్రం రాలేదు. అమ్మ నిలబడి చూస్తూ, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నది.

విదేశాల్లో అంతా గొప్ప, మనదంతా తక్కువ అని చెప్పడానికి ఇది రాయలేదు. కళను రోజూ నేల మీద పరచి, నడిచేవారికి ఊరికే ఇచ్చి, సాయంత్రానికి చెరిగిపోతే మరునాడు మళ్ళీ వేసే అలవాటు మనది. దానికి టిక్కెట్టు ఎన్నడూ లేదు. ఆ విషయంలో లండను మనకు కొత్తగా నేర్పవలసింది లేదు. కాని 'దయచేసి' అనే పిలుపు, అందులోనూ 'ఎవరైనా' అనే మాట మన వాకిళ్ళలో లేవు. వితంతువులను మనం పిలవము. మగపిల్లలను అసలే పిలవము. నాకా విద్య పలక మీద దొంగచాటుగా వచ్చింది. ఈమధ్య వాకిళ్ళకు సిమెంటు పోసి, గడప ముందు ప్లాస్టిక్ ముగ్గు అంటించుకునే ఇళ్ళు చాలా కనిపిస్తున్నాయి. చేయగలవారిని వద్దని పక్కకు పెట్టి, చేసేవారు లేరని అంగట్లో కొనుక్కుంటున్నామన్నమాట.

మన తెలుగు సంఘాల్లో సంక్రాంతికి ముగ్గుల పోటీలు పెట్టడం ఆనవాయితీ. పోటీని మానుకోమని నేననను. దానికి ముందురోజు సాయంత్రం, హాలు ముందరి స్థలం కడిగి, ముగ్గుపిండి గిన్నెలు నాలుగు వరుసగా పెట్టి, ఎవరైనా వేయవచ్చునని ఒక బోర్డు రాసి పెడితే చాలు. పెద్దవాళ్ళు కూర్చోవడానికి నాలుగు పీటలు కూడా వేయించండి. మా అవ్వకు ఇప్పుడు మోకాళ్ళ నొప్పి. అయినా బోర్డు మీద ఆ మాట ఉంటే, బైరకూరు నుంచి తీసుకువచ్చే బాధ్యత నాది.