బొమ్మ అదిరింది, ఆటే...

2003లో యూబీసాఫ్ట్ తెచ్చిన షూటింగ్ గేమ్ ‘థర్టీన్’ మళ్లీ పెట్టుకున్నా. ఎంత అందంగా ఉందో! బెల్జియం కామిక్స్ నుంచి పుట్టిన ఆట కదా, తెర నిండా నల్లటి గీతలు, చిక్కటి రంగులు. బాంబు పేలితే ఆ చప్పుడు అక్షరాలై గాల్లోకి లేస్తుంది. గోడ అవతల కాపలావాడి అడుగులు ‘ట్యాప్ ట్యాప్’ అని కళ్లకే కనిపిస్తాయి. తలకు గురి కుదిరిందా, వాడు పడిపోవడం మూడు చిన్న గళ్లలో బొమ్మలుగా వస్తుంది. ఇరవై ఏళ్లు దాటినా ఈ ముచ్చట పాతబడలేదు.

ఆట మాత్రం చప్పగా ఉంది. తుపాకీ కాలిస్తే కాల్చినట్టే ఉండదు. దొంగచాటుగా వెళ్లాల్సిన చోట ఒక్కడు చూశాడంటే మళ్లీ వెనక్కి. గతం మర్చిపోయిన హీరో కథ (మన సినిమాలకు కొత్తేం కాదు లెండి) లాక్కెళ్తుంది గానీ, తీరా చివర్లో ‘ఇంకా ఉంది’ అని ఆపేశారు. ఆ ముడి విప్పే రెండో భాగం రానే లేదు. 2020 రీమేక్ అయితే ఉన్న అందాన్ని కూడా పోగొట్టుకుంది.

బుద్వేల్‌లో మా పక్క ఫ్లాట్ పిల్లాడు వెనక నిలబడి చూసి, "అన్నా, ఆడుడు కన్నా చూస్తేనే మంచిగుంది" అన్నాడు. మౌస్ ఇస్తానంటే వద్దన్నాడు, కానీ కదల్లేదు.