ఎండ లేని చోట వడగం

ఫ్రాన్స్‌లో మంచి మసాలాల కొట్టుకు వెళ్తే ‘వదువాన్’ అని రాసిన సీసా కనిపిస్తుంది. ముదురు గోధుమరంగు ముతకపొడి. మూత తీస్తే ముందు మెంతులు, ఆ వెనకే మాగిన ఉల్లి వాసన. మా చిత్తూరు వైపు, తమిళనాడు సరిహద్దు పల్లెల్లో, ఎండాకాలం మిద్దెల మీద ఎండే వడగానికి ఇది ఫ్రెంచి రూపం. పుదుచ్చేరి, మన యానాంలాగే, 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతుల్లో ఉండేది. అక్కడి తమిళ వంటిళ్ల వడగం ఫ్రెంచి వంటల్లోకి చేరింది. ఇప్పుడు ఫ్రాన్స్ షెఫ్‌లు దాన్ని వెన్నలో కలిపి చేపకు, కాలీఫ్లవర్‌కు పట్టిస్తారు. మిద్దె మీది సరుకుకు ఇంత గౌరవం దక్కినందుకు నాకు సంతోషమే. కానీ ఆ సీసాల్లో చాలావాటిలో సగం పనే జరిగింది.

అసలు పని ఏమిటంటే, ఊరబెట్టడం. అమ్మ చిన్న ఉల్లిపాయలను, వెల్లుల్లిని రోట్లో కచ్చాపచ్చాగా దంచి, మినప్పప్పు, ఆవాలు, జీలకర్ర, మెంతులు, పసుపు, ఉప్పు, కరివేపాకు కలిపి రాత్రంతా వదిలేస్తుంది. పొద్దునకు గిన్నెలో రసం తేలుతుంది. ముద్దను పిండి, ఉండలు చేసి, చాప మీద ఎండబెడుతుంది. సాయంత్రం ఆ ఉండలను చిదిపి మళ్లీ అదే రసంలో వేస్తుంది. రసమంతా ఇంకేదాకా రోజూ ఇదే వరస. ఆ రాత్రుల్లోనే ఉల్లి కొంచెం పులుస్తుంది, పగటి ఎండకు రంగు తిరుగుతుంది. ఆఖరున ఆముదం రాసి, ఉండ రాయిలా గట్టిపడేదాకా ఎండబెట్టి జాడీకి ఎత్తితే, ఏడాది పొడుగునా పులుసుకూ ఆకుకూరకూ అదే తాళింపు.

చిన్న ఉల్లే ఎందుకంటే దానికి లెక్క ఉంది. పెద్ద ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీళ్లే. చిన్న ఉల్లిలో 80 శాతం. అంటే కిలో పెద్ద ఉల్లి ఎండితే మిగిలే పదార్థం 110 గ్రాములు, చిన్న ఉల్లిలో 200. రుచీ తీపీ ఉండేది ఆ మిగిలినదాంట్లోనే. నేనుండే బ్రిటనీ ఫ్రాన్స్‌లో ఎషలోట్‌కు పెట్టింది పేరు. అది మన సాంబారు ఉల్లికి దగ్గరి చుట్టమే. సరుకుకు లోటు లేదు, లోటంతా ఎండకే. “ఎండ లేకుండా వడగం యాడ అవుతుందిమే?” అంటుంది అమ్మ ఫోన్లో. ఇక్కడ ఏప్రిల్లోనూ ముసురే మరి.

అందుకే ఒవెన్‌లో చేస్తాను. రాత్రి ఊరబెట్టి, పిండి, పళ్లెంలో పలచగా పరిచి, ఒవెన్ అతి తక్కువ వేడిలో పెట్టి, తలుపు కొంచెం తెరిచి ఉంచుతాను. ఆవిరి బయటికి పోకపోతే ఉల్లి ఉడుకుతుంది గాని ఎండదు. సాయంత్రం మళ్లీ రసంలోకి. ఆముదం ఇక్కడ మందుల షాపు సరుకు, కాబట్టి నువ్వుల నూనె వాడతాను. ఆముదం ఇచ్చే ఘాటు రాదు, పులుపు మాత్రం వస్తుంది. తొందరపడి ఒక్కరోజులో ఎండబెడితే ఆ పులుపు రాదు. కొన్న సీసాల్లో నాకు కొరవగా అనిపించేది అదే.

సూపర్ మార్కెట్లో దొరికే ఉల్లి రవ్వ, ఉల్లిపొడి వేరే జాతి. గుజరాత్‌లో భావనగర్ జిల్లా మహువాలో ఈ పరిశ్రమ పెద్దది. అక్కడి నుంచి యూరప్‌కూ వెళ్తుంది. తెల్ల ఉల్లిని ముక్కలు కోసి, వేడిగాలిలో నీళ్లు 5 శాతం దాకా దిగేట్టు ఎండబెట్టి, రవ్వగానో పొడిగానో ఆడిస్తారు. మితమైన వేడిలో ఎండింది గనుక ఉల్లి ఘాటును పుట్టించే ఎంజైము అందులో కొంత బతికే ఉంటుంది. కాసిని చల్లటి నీళ్లు చల్లి పది నిమిషాలు ఆగితే పచ్చి ఉల్లి వాసన మళ్లీ లేస్తుంది. మనవాళ్లు చాలామంది దీన్ని కాగే నూనెలో వేసి మాడ్చి, చేదని పక్కన పెట్టేస్తారు. దాని చోటు తాళింపు కాదు, మజ్జిగ, పెరుగుపచ్చడి, గుగ్గిళ్లు, దించబోయే ముందు బంగాళాదుంప వేపుడు. ఇంకో మాట, ఆవిరి కక్కే గిన్నె మీద సీసా వంచవద్దు. పొడి తేమ పీల్చి గడ్డకడుతుంది. చెంచాతో తీసి వేయండి.

వడగం మాత్రం నూనెలోకే పోవాలి. పప్పులోకి, పుల్లకూరలోకి మన పద్ధతే. మస్సెల్స్ అనే సముద్రపు గుల్లలకు ఇక్కడివాళ్ల పద్ధతి నాకు నచ్చింది. వెన్న కరిగించి, వడగం చిదిపి వేసి, ఆవాలు చిటపటలాడగానే కడిగిన మస్సెల్స్ వేసి మూత పెడితే అయిదారు నిమిషాల్లో నోళ్లు తెరుస్తాయి. వాటిలోని సముద్రపు నీరే ఉప్పు, వేరే వేయక్కర్లేదు. తెరుచుకోనివి తీసి పారేయాలి. కరివేపాకు దొరికిన వారం ఇంకో రెబ్బ దూసి వేస్తాను.