తీసుకెళ్లిన రాళ్ల లెక్క

జపాన్‌లో అజుచి కోట మెట్లెక్కుతుంటే భట్టిప్రోలు గుర్తొచ్చి కోపం వచ్చింది. బివా సరస్సు పక్కన 1576లో యుద్ధప్రభువు ఓడా నొబునాగా కట్టడం మొదలుపెట్టిన కొండ కోట ఇది. 1582లో ఆయన పోయిన కొద్ది రోజులకే తగలబడింది. ఇప్పుడు మిగిలినవి రాతి గోడలు, పునాదులు, తిన్నగా పైకి పోయే ఆ వెడల్పాటి మెట్లదారి. మెట్లకు రాళ్లు చాలక బుద్ధ విగ్రహాలను కూడా పరిచేశారు. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. పక్కన బోర్డు పెట్టారు. జనం వాటిని తొక్కకుండా తప్పుకుని, చిల్లర వేసి దండం పెడుతున్నారు.

మరి మా రాళ్ల సంగతి? తెనాలి నుంచి రేపల్లె రైల్లో వేమూరు దాటాక భట్టిప్రోలు. అక్కడ క్రీస్తుకు పూర్వపు బౌద్ధ స్తూపం. 19వ శతాబ్దంలో దాని ఇటుకలు రోడ్డుకు పోయాయి, పాలరాతి పలకలు వెల్లటూరు దగ్గర కాలువ తూముకు పోయాయి. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రియా తవ్వేనాటికి గుమ్మటం లేదు. అయినా లోపల బ్రాహ్మీ అక్షరాలున్న రాతి కరండాలు, స్ఫటికపు భరిణె దొరికాయి.

జపాన్ వాళ్లేమీ మనకంటే గొప్పవాళ్లు కారు. 1873లో మెయిజీ ప్రభుత్వం అక్కర్లేదన్న కోటలెన్నో అమ్ముడై నేలమట్టమయ్యాయి. పైగా కాలువ వద్దని నేనెలా అంటాను? ఆ నీళ్లతో పండిన అన్నం తినే ఇంతవాణ్నయ్యాను. అజుచి కొండమీంచి చూస్తే, సరస్సు పూడ్చి చేసిన వరిచేలు మా డెల్టాలాగే పచ్చగా కనిపించాయి. కాసేపు కదల్లేకపోయాను.

వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి రేపల్లెకు ఆ రైల్లోనే వెళ్లేవాళ్లం. భట్టిప్రోలులో బండి ఆగితే మరమరాలు కొనిపెట్టేవారు. బాపట్ల తీసుకెళ్లి భావనారాయణస్వామి గుడి, సూర్యలంక సముద్రం చూపించారు. స్తూపం దగ్గర దిగుదామని మాత్రం పెద్దవాళ్లెవరూ అనలేదు. వాళ్లకూ ఎవరూ చెప్పి ఉండరు.

రాళ్లు తీయడం ఒక నష్టం. ఎక్కడి రాయి ఎక్కడికి పోయిందో పిల్లలకు చెప్పకపోవడం అంతకంటే పెద్ద నష్టం. మొదటిదాన్ని ఇప్పుడు ఆపలేం, రెండోదాన్ని ఆపగలం. భట్టిప్రోలు, వెల్లటూరు రెండూ ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి. ఈ సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు పిల్లల్ని స్తూపం దగ్గర దింపండి. తర్వాత వెల్లటూరు కాలువ గట్టుకు తీసుకెళ్లి, ఆ రాళ్లు ఇటు వచ్చాయని చెప్పండి.